తడి జడతో క్లాసుకు పరిగెత్తకండి

(ఒక మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్లో విద్యార్థినులతో ఒక చర్మవైద్యురాలు మాట్లాడిన మాటలకు అక్షరరూపం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. మైకు అక్కర్లేదు, నా గొంతు మీకు వినపడుతుంది.

వార్డెన్ గారు ఫోన్ చేసి, "మా పిల్లలు మార్కులు తగ్గాయని ఏడ్చేదానికంటే జుట్టు ఊడుతోందని ఏడ్చేదే ఎక్కువ డాక్టరు గారూ, మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. (నవ్వులు) నవ్వకండి, నాకిది కొత్త కాదు. మీ వయసు అమ్మాయిలు నా దగ్గరికొచ్చేటప్పుడు చాలామంది చేతిలో ఒక కవరు ఉంటుంది. అందులో రాలిన జుట్టు. కొందరైతే ఏ రోజుది ఆ రోజు విడిగా కాగితంలో చుట్టి, పైన తేదీ కూడా వేసి తెస్తారు. క్లాసు నోట్సు కూడా అంత శ్రద్ధగా రాసి ఉండరు.

ఆ కవరు విప్పి నేను మొట్టమొదట చూసేది ఒక్కటే. వెంట్రుక ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె ఉందా, లేదా అని. బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడి వచ్చింది. రెండు కొసలూ ఒకేలా ఉండి, పొట్టిగా ఉంటే అది మధ్యలో తెగింది. ఊడటం వేరు, తెగటం వేరు. మన ఇళ్ళలో రెండిటినీ కలిపి "జుట్టు ఊడుతోంది" అనేస్తాం, రెండిటికీ ఒకే నూనె కొనుక్కొస్తాం. ఈ రాత్రి మీ దువ్వెనలో ఉన్న వెంట్రుకలు తెల్లకాగితం మీద, లైటు కింద పెట్టి చూసుకోండి. మీకే తెలిసిపోతుంది. నేను చూసినంతలో హాస్టల్ పిల్లల్లో తెగిన జుట్టే ఎక్కువ. అందుకే ముందు దాని సంగతి మాట్లాడతాను.

చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. ప్రాణం ఉన్నదంతా లోపల కుదుట్లోనే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఏడాదికి 12 సెంటీమీటర్లు. ఇక్కడ నడుము దాకా జడ ఉన్నవాళ్ళు ఎంతమంది, చేతులెత్తండి. చాలామందే ఉన్నారే! మీ జడ 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఆ కొసన ఉన్న ముక్క తల లోంచి బయటికొచ్చి అయిదేళ్ళయింది. మీరు డిగ్రీ ఫస్టియర్ అయితే, అది మీ ఎనిమిదో తరగతి నాటి వెంట్రుక. అప్పట్నించి ఎన్ని తలస్నానాలు, ఎన్ని ఎండలు, ఎన్ని రబ్బరు బ్యాండ్లు చూసిందో లెక్కలేదు. గాయం మానినట్టు దానంతటది బాగుపడదు, బాగుచేసే కణాలు అక్కడ లేవు. చిట్లిన కొసను కలిపేస్తామని ఏ సీసా మీద రాసినా నమ్మకండి. కాసేపు అతికినట్టు కనిపిస్తుంది, మళ్ళీ కడిగితే మళ్ళీ విడిపోతుంది. చిట్లినదాన్ని కత్తిరించాల్సిందే. మిగిలినదాన్ని పాడవకుండా కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

వెంట్రుక పైపొరను మైక్రోస్కోపులో చూస్తే పెంకుటింటి కప్పు లాగా కనిపిస్తుంది. పెంకు మీద పెంకు, అన్నీ కొసవైపు వాలి ఉంటాయి. పెంకులు సర్దుకుని ఉన్నంతకాలం జుట్టు నున్నగా మెరుస్తుంది. అవి లేచినా, రాలిపోయినా గరుకవుతుంది, చిక్కుపడుతుంది, చివరికి తెగుతుంది. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. లాగితే 30 శాతం దాకా సాగుతుంది. సాగితే మంచిదే కదా అనుకోకండి, అంతకు మించి సాగదీస్తే మళ్ళీ మునుపటిలా ఉండదు.

ఇప్పుడు మీ ఉదయం ఎలా గడుస్తుందో చెప్పనా? ఆరింటికి బాత్రూము దగ్గర క్యూ. ఆరున్నరకి తలస్నానం. టవల్‌తో జుట్టును పిండి, బట్టలుతికినట్టు రుద్ది, టపటపా దులిపి, నీళ్ళు కారుతుండగానే దువ్వెన తీసుకుని పైనుంచి కిందికి బర్రున లాగుతారు. చిక్కు తగిలితే ఇంకాస్త బలంగా లాగుతారు. ఆ తడి మీదే గట్టిగా జడ అల్లి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి, టిఫిను నోట్లో పెట్టుకుని క్లాసుకు పరుగు. ఆ జడ విప్పేది మళ్ళీ రాత్రికే. లోపలి పాయ అప్పటికీ తడిగానే ఉంటుంది, ముక్కవాసన కూడా వస్తుంది. అవునా, కాదా? (అవును మేడమ్ అని గొంతులు) జుట్టు మెత్తబడి ఉన్న ఆ పది నిమిషాల్లోనే దాన్ని మీరు ఎక్కువగా హింస పెడుతున్నారు. మీరు వాడే షాంపూ యాభై రూపాయలదా, అయిదొందలదా అన్నది ఆ తర్వాతి మాట.

టవల్ బదులు పాత కాటన్ చున్నీ గానీ, మెత్తబడిన టీషర్టు గానీ వాడండి. రుద్దొద్దు, అద్దండి. వేళ్ళతో పాయలు విడదీసి వదిలేయండి. ముక్కాలు భాగం ఆరాక పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన తీసుకోండి. మొదలుపెట్టాల్సింది కొసల దగ్గర. కింద నాలుగు వేళ్ళ మేర చిక్కు తీయండి, తర్వాత కాస్త పైకి, ఇంకాస్త పైకి. పైనుంచి మొదలుపెడితే దారిలో ఉన్న చిక్కులన్నీ కిందికి జారి ఒకే ముడి అవుతాయి. ఆ ముడి దగ్గర పైభాగాన్ని ఎడమచేత్తో పట్టుకుని దువ్వితే కుదురు లాక్కుపోదు. మీకు చిన్నప్పుడు జడలు వేసిన అమ్మమ్మలు చాలామంది ఇలాగే పట్టుకుని ఉంటారు, గుర్తుచేసుకోండి. మీ చేతిలో ఉన్న సన్నపళ్ళ దువ్వెన పాపిడి తీయడానికి, పేలు దువ్వడానికి. చిక్కు తీయడానికి కాదు.

హెయిర్ డ్రయర్ వాడొచ్చా అని అడుగుతారు. వేడి ఎక్కువ పెట్టి, ఒకేచోట ఆనించి పట్టుకుంటే జుట్టు పాడవుతుంది, సందేహం లేదు. కానీ కొరియాలో 2011లో వచ్చిన ఒక పరిశోధనలో చిత్రమైన సంగతి తేలింది. డ్రయర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, కదుపుతూ ఆరబెడితే, గంటలకొద్దీ తడిగా వదిలేసిన జుట్టు కంటే లోపలి పొర తక్కువ దెబ్బతిన్నది. కాబట్టి తడి జడ వేసుకుని తిరగడం కంటే దూరం నుంచి గోరువెచ్చటి గాలి నయం. వేడి పలకల మధ్య పెట్టి జుట్టు సాగదీసే స్ట్రెయిటనర్ వేరే సంగతి. దాన్ని తడి జుట్టు మీద పెడితే చుయ్యిమని చప్పుడొస్తుంది చూడండి, అది వెంట్రుక లోపలి నీరు ఆవిరైపోతున్న చప్పుడు.

ఇక తలస్నానం. వారానికి ఎన్నిసార్లు అంటే అందరికీ ఒకే లెక్క చెప్పలేను. మాడు జిడ్డుగా, చెమటగా ఉన్నవాళ్ళు రోజు విడిచి రోజు చేసినా తప్పులేదు. పొడి తల వాళ్ళకి వారానికి రెండుసార్లు చాలు. షాంపూ తలకి, అంటే మాడుకి, కుదుళ్ళకి. కండిషనర్ పొడవుకి, కొసలకి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. జడ మొత్తాన్ని పోగుచేసి నెత్తిన పెట్టి షాంపూతో గిరగిరా రుద్దుతారు, చిక్కంతా అక్కడే పుడుతుంది. వేళ్ళ కొసలతో మాడు రుద్దండి, గోళ్ళతో కాదు. కిందికి కారే నురగ పొడవును శుభ్రం చేయడానికి సరిపోతుంది.

కుంకుడుకాయ మంచిదా, షాంపూ మంచిదా అని పెద్ద వాదన. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు ఉంటాయి, జిడ్డును అవి బాగానే వదలగొడతాయి. కాకపోతే నూనె పెట్టని పొడి తల మీద కుంకుడు రసం పోస్తే జుట్టు చీపురులా అవుతుంది. కళ్ళలో పడితే ఎంత మంటో నేను చెప్పక్కర్లేదు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి సున్నితం అనుకోవద్దు. తలకు వాడకూడనిది మాత్రం ఒంటి సబ్బు. మీ హాస్టల్లో వచ్చేది బోరు నీళ్ళు, బకెట్టు అంచున తెల్లటి సున్నం కట్టి ఉంది, ఇందాక చూశాను. ఆ నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి మడ్డి కడుతుంది, అది వెంట్రుకకు పట్టుకుని జుట్టు జిగటగా, కాంతి లేకుండా అవుతుంది. బోరు నీళ్ళ వల్ల జుట్టంతా ఊడిపోతోందని చెప్పి ట్యాపులకు ఫిల్టర్లు అమ్ముతున్నారు. ఆ నీళ్ళు జుట్టును గరుకుగా చేస్తాయి, చిక్కుపెడతాయి, దాంతో కొన్ని తెగుతాయి. కుదుళ్ళను ఊడగొట్టవు. కండిషనర్ పెట్టండి, కుదిరితే చివరి రెండు మగ్గులు మంచినీళ్ళు పోసుకోండి. మీకు ఆర్వో నీళ్ళు తాగడానికే చాలవని తెలుసు, అందుకే కుదిరితే అన్నాను.

నూనె గురించి మాట్లాడకపోతే మీ అమ్మలు ఊరుకోరు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంత ఇంకుతుంది, తలస్నానంలో పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. దీని మీద 2003లో వచ్చిన పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనెకి, మినరల్ ఆయిల్‌కి ఆ గుణం కనిపించలేదు. ఆ పరిశోధన చేసినవాళ్ళు కొబ్బరినూనె అమ్మే కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్తలే, ఆ మాట కూడా మనసులో పెట్టుకోండి. అయినా కారణం సరిగానే ఉంది. ఆ నూనెలోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది, అందుకే లోపలికి దూరగలదు. తలస్నానానికి గంటా రెండు గంటల ముందు పొడవుకి, కొసలకి పట్టించండి. నూనె రాస్తే కొత్త జుట్టు మొలుస్తుందన్నదానికి మాత్రం రుజువు లేదు. చిక్కటి ఆముదం తలనిండా పోసుకోకండి, జుట్టంతా ఉండకట్టి విప్పలేక కత్తిరించాల్సి వచ్చిన కేసు కూడా వైద్య పత్రికల్లో వచ్చింది.

చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకు నూనె మానేయాలి. తల పొడిబారి పొట్టు రాలుతోందనుకుని ఇంకా నూనె పెడతారు. మన మాడు మీద మలసీజియా అనే ఒక రకం ఫంగస్ ఎప్పుడూ ఉంటుంది. దాని తిండే కొవ్వు. మీరు నూనె పోస్తే దానికి విందు భోజనమే. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, పెట్టిన వెంటనే కడిగేస్తారు. మాడు మీద అయిదు నిమిషాలు ఉండనివ్వాలి. ఎర్రగా మారి, చీముపట్టి, దురద తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

గట్టి జడ గురించి ఒక్క మాట. కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడిన వాళ్ళు ఇక్కడ ముందు వరసలోనే ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. పేర్లు చెప్పను, చేయి పెట్టి దాచుకోకండి. (నవ్వులు) లాగి కట్టడం వల్ల వచ్చే ఈ బట్టతలను 1907లోనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో గమనించి రాశారు. వాళ్ళు జుట్టును నెత్తి మీదికి బిగించి కట్టేవారు. జడ వేసుకున్నాక కనుబొమలు పైకి లాగినట్టుందంటే, మాడు నొప్పెడుతోందంటే అది బిగువు. విప్పి మళ్ళీ వేయండి. కూచిపూడి నేర్చుకునేవాళ్ళు సవరం, జడగంటలు ప్రదర్శన అవగానే తీసేయండి. మొదట్లో వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదురు పూడుకుపోతుంది, అప్పుడు నా దగ్గర కూడా మందు లేదు.

ఇప్పుడు బుడిపెతో ఊడే జుట్టు. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది, దాని చోట కొత్తది వస్తుంది. ఆ లెక్కన రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. వారానికోసారి తలస్నానం చేసేవాళ్ళకి అన్ని రోజులదీ ఒక్కసారే చేతికొస్తుంది, చూసి హడలిపోతారు. కానీ డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు కుప్పలుగా రాలుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి, మొన్న మార్చిన షాంపూని తిడతారు. చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే రక్తపరీక్ష చేయించాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ హాల్లో కూడా చాలామందికి ఉండొచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష, థైరాయిడ్ కూడా చేయించుకోండి. సన్నబడాలని టిఫిను మానేసి, మధ్యాహ్నం రెండు ముద్దలు తినేవాళ్ళకి జుట్టు ఊడక ఏమవుతుంది? జుట్టు తయారయ్యేదే ప్రొటీన్‌తో. గుడ్డు, పప్పు, ఆకుకూర, మీద నిమ్మకాయ పిండుకోండి. భోజనంతో పాటు టీ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. నెలసరి సరిగ్గా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలొస్తూ, పాపిడి వెడల్పవుతుంటే అది పీసీఓడీ, అంటే హార్మోన్లు అదుపు తప్పే అండాశయాల సమస్య కావచ్చు, దానికి నూనెలు మార్చుకుంటూ కూర్చోకండి.

ఇక మీరు అడగండి.

విద్యార్థిని: మేడమ్, గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందా? మా అమ్మ తిరుపతి మొక్కు మొక్కింది.

మొక్కు తీర్చుకోండి తల్లీ, అది మీకూ స్వామికీ మధ్య సంగతి. ఒత్తు మాత్రం పెరగదు. కత్తి పైన తిరుగుతుంది, కుదురు లోపలుంటుంది. కోసిన కొస మొద్దుగా ఉండటం వల్ల కొత్తలో తడిమితే దట్టంగా తగులుతుంది. అన్నట్టు, తిరుమలలో తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు. పొడుగు జుట్టుకే ధర ఎక్కువ. అన్నేళ్ళు తెగకుండా నిలిచిన జుట్టు దొరకడం కష్టం మరి.

విద్యార్థిని: బయోటిన్ బిళ్ళలు వేసుకోవచ్చా మేడమ్? ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ చెబుతున్నారు.

బయోటిన్ అంటే ఒక బి విటమిన్. దాని లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్ళకి దానివల్ల లాభం ఉందని గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షలు తప్పు చూపిస్తాయి. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఈ హెచ్చరిక ఇచ్చింది. వేసుకుంటున్నవాళ్ళు పరీక్షకు ముందు డాక్టరుకు చెప్పండి.

మరో విద్యార్థిని: పార్లర్‌లో జుట్టు సాఫీగా ఉండాలని కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకున్నాను...

అయిపోయిందానికి ఏమనను. కానీ కళ్ళు మండేలా పొగ వచ్చిందా? వచ్చిందా... దాన్లో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు. అది లేదంటూ గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్నవి అమ్ముతున్నారు, వాటితో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. మళ్ళీ చేయించుకోకు. అలాగే నల్లరంగు వేసుకునేవాళ్ళు 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి, పడుతుందో లేదో చూసుకోండి. నల్ల గోరింట పొడి అని అమ్మేదాంట్లో కూడా పీపీడీ అనే రసాయనం ఉండొచ్చు. గోరింటాకు తనంతట తాను నలుపునివ్వదు.

వంటగదిలో పనిచేసే ఆవిడ: మా అమ్మాయికి పురుడై నాలుగు నెలలమ్మా. జుట్టంతా చేతికొచ్చేస్తోంది. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలుపెడితే ఊడుతుందంట కదా?

బిడ్డ నవ్వేదీ, జుట్టు ఊడేదీ ఒకే సమయం అమ్మా, అందుకే పెద్దవాళ్ళు అలా కలిపేశారు. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సిన జుట్టు రాలకుండా ఆగుతుంది. పురుడయ్యాక రెండు నుంచి నాలుగు నెలల్లో ఆ బాకీ అంతా ఒకేసారి తీరుతుంది. బిడ్డకు ఏడాది నిండేసరికి మామూలవుతుంది. ఐరన్ మాత్రలు ఆపనివ్వకండి. తల ఆరబెట్టడానికి సాంబ్రాణి పొగ వేస్తుంటే బిడ్డ ఉన్న గదిలో మాత్రం వద్దు, పసిపిల్లల ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

విద్యార్థిని (చిన్నగా): మేడమ్, పేలు...

ఇదిగో, అందరూ అడగాలనుకున్నది ఈ అమ్మాయి అడిగింది. పేలు మురికి వల్ల రావు, శుభ్రమైన తలకీ పడతాయి. ఎగరవు, దూకవు, తలకి తల తగిలితే పాకుతాయి. ఒకే మంచం మీద నలుగురు తలలు ఆనించి ఫోన్ చూస్తారే, అప్పుడన్నమాట. పెర్మెత్రిన్ 1 శాతం మందు పది నిమిషాలు ఉంచి కడగాలి, వారం పది రోజులకు మళ్ళీ పెట్టాలి. మొదటిసారి బతికిన ఈపులు, అంటే పేల గుడ్లు, ఈలోగా పగిలి పిల్లలవుతాయి కాబట్టి. గదిలో అందరూ ఒకేరోజు పెట్టుకోవాలి, లేకపోతే దండగ. కిరోసిన్ గానీ, పురుగుమందు గానీ తలకు రాయొద్దు.

ఇక నాదొక అడగాల్సింది ఉంది, మీతో కాదు, వార్డెన్ గారితో. మేడమ్, పిల్లలు తడి జడలతో పరిగెత్తేది వాళ్ళ బద్ధకం వల్ల కాదు, మోటారు ఉదయమే వేస్తున్నారు కాబట్టి. వారంలో రెండు సాయంత్రాలు నీళ్ళు వదిలితే తలస్నానాలు అప్పుడే అయిపోతాయి, పడుకునేలోపు ఆరిపోతాయి.

(వార్డెన్: బుధవారం, శనివారం సాయంత్రం అయిదింటికి వేయిస్తానండి. చప్పట్లు.)

విన్నారుగా, అయిదింటికి. ఆ రోజుల్లో కూడా ఆఖరి నిమిషం దాకా ఆగి క్యూ కట్టకండి. నేనింకో గంట ఆఫీసు గదిలో కూర్చుంటాను. పేలున్నవాళ్ళు, కవర్లు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి. జడలు విప్పుకుని రండి, చూడటానికి వీలుగా ఉంటుంది.